అమ్మ గడ్డం కింద చెరువు రంగు

మొన్న మంగళవారం పొద్దున్నే బొమ్మల సార్ కూతురు ఫోన్ చేసి, "నాయిన పోయిండక్కా" అంది. పెనం మీద దోసె మాడిపోతున్నా తెలియలేదు. ఏడ్చాను. కానీ ఆయన్ను తలుచుకుంటే ఏడుపు ఎంతోసేపు నిలవదు, మధ్యలో నవ్వొచ్చేస్తుంది.

మేడ్చల్‌లో సార్ ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక ఇంటి వరండాలో బొమ్మలు నేర్పడం మొదలుపెట్టారు. పక్కన గుడ్డ ఉన్నా కుంచెను చొక్కా ఎడమ చేతికే తుడిచేవారు. నలభై ఆరేళ్ళ వయసులో, కొంపల్లి నుంచి స్కూటీ మీద వెళ్ళి ఆయన దగ్గర చేరాను. నాదొక్కటే కోరిక. వెనకాల శామీర్‌పేట చెరువుతో మా అమ్మ బొమ్మ వేయాలి, అది చూసి అమ్మ తనను తాను గుర్తుపట్టాలి.

మొదటి బొమ్మకు మూడు నెలలు పట్టింది. ఫోన్‌లో ఫొటో చూస్తూ వెంట్రుక వెంట్రుకా దిద్దాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, "ఎవరే ఈవిడ? బాగానే ఉంది" అంది. నా ప్రాణం ఉసూరుమంది.

సార్ మాత్రం పడీపడీ నవ్వారు. "ఫొటో ఏమో ట్యూబులైటు కింద దీసినవ్, చెరువుకేమో పొద్దుమూకి ఎండ వెట్టినవ్. గామెకు, గా చెరువుకు సుట్టరికం యాడుంటది బిడ్డా? అమ్మను తోల్కరా, పోదాం."

ఆదివారం సాయంత్రం అమ్మను నీళ్ళ అంచున రాయి మీద కూర్చోబెట్టారు. నేను అలవాటుగా కళ్ళ దగ్గర మొదలుపెట్టబోతే ఆపారు.

"కండ్లు సగం మూసి జూడు. గడ్డం కింద ఏం రంగున్నది?"

"నీడ సార్."

"నీడ అనేది రంగా? మంచిగ జూడు."

చూశాను. నీళ్ళ మీది ఆకుపచ్చ వెలుగు వచ్చి అమ్మ గడ్డం కింద వాలి ఉంది! పుట్టినప్పటి నుంచి చూస్తున్న ముఖంలో నాకు తెలియని రంగు! "సార్, పచ్చగా ఉంది!" అని అరిచేశాను.

"మరి ఎయ్యి జల్దీ! నీ కోసం ఎండ ఆగుతదా?"

మూడు ఆదివారాలు అదే చోటు, అదే వేళ. మా అమ్మను సరిగ్గా చూడటం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ రుణం తీరేది కాదు.

మూడో ఆదివారం అమ్మ లేచొచ్చి బొమ్మను చాలాసేపు చూసింది. కళ్ళజోడు తుడుచుకుని, "చీకటి పడుతోంది, ఆటో పిలువు" అంది.

ఆటోలో పెడితే తడి రంగు అంటుకుంటుందని, సార్ నా స్కూటీ వెనక పక్కకు తిరిగి కూర్చుని, బొమ్మ రోడ్డుకు కనబడేలా ఒళ్ళో పట్టుకున్నారు. అమ్మ ఆటో ఎక్కింది. బస్సుల్లోంచి జనం తొంగి చూస్తుంటే, ఆయన పెళ్ళిపల్లకీ మోస్తున్నంత దర్జాగా, "పైలంగ పో బిడ్డా" అంటున్నారు. వెనకాల ఆటోలోంచి అమ్మ గొంతు గట్టిగా వినబడింది.

"బాబూ, ఆ స్కూటీని వదలకు! దాని మీద పోతున్నది నేనే!"