ఊగే మిషన్

మా దీవిలోని బాంబూఫ్లాట్‌లో పెదనాన్న ఇంటి వెనక రేకుల షెడ్డులో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. విరిగిన భాగం చెన్నై నుంచి షిప్పులో వచ్చేదాకా పడవ ఒడ్డునే ఉండిపోయేది, ఆ పడవవాళ్ల ఇంట్లో పొయ్యి కష్టంగా వెలిగేది. అందుకే అలాంటి భాగాలను ఇంట్లోనే ఇనుప ముక్కలోంచి చెక్కుకోవడానికి చిన్న మిల్లింగ్ మిషన్ కొనాలనుకున్నాడు. బరువైనవి మా స్తోమతకు మించినవి. తేలికైన వాటిలో దేన్ని చూపించినా దాని మీద అరచెయ్యి ఆనించి, "ఇది ఊగతంది" అనేసేవాడు.

ఒకసారి పెద్దమ్మా, నేనూ ఆయనతో ఫెర్రీలో అవతలి ఒడ్డునున్న మిడిల్ పాయింట్‌లోని షాపుకి వెళ్లాం. అక్కడున్న పాత మిషన్ మీద చెయ్యి పెట్టి అదే మాట అన్నాడు.

షాపతను తెల్లబోయాడు. "అభీ తక్, ఇంకా స్విచ్ వెయ్యలేదు కదా, భయ్యా."

పెదనాన్న చెయ్యి తీసి చూసుకున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి. పెద్దమ్మ ముఖం తిప్పుకుంది. ఆమెకు ఆ సంగతి ముందే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

ఆయన బేరం ఆడకుండా ఆ మిషనే కొన్నాడు. తిరుగు ఫెర్రీలో పెద్దమ్మతో, "నువ్వు నేర్చుకోవే," అన్నాడు.

ఆమె నేర్చుకుంది. ఆమె ఇనుము కోస్తుంటే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడి, ఎక్కడ ఆపాలో చెప్పేవాడు.