కోటు లోపల కుట్టిన వాక్యం

కత్తెర పట్టిన నాటి నుంచి టైలరుగారికి తెలిసిన విద్య ఒక్కటే, ముక్కలు కలిపి కుట్టడం. కూతురు తుర్కీ కుర్రాణ్ణి చేసుకుని వాళ్ళ దేశానికి కాపురానికి వెళ్ళిన ఏడాదికి, ఆ పిల్లతో కలిసి వియ్యపురాలు ఆదివారం వస్తోందని కబురొచ్చింది. ఆవిడకు తుర్కీ తప్ప మరో ముక్క రాదు. పిల్లను అప్పగిస్తూ తండ్రి చెప్పుకోవలసిన మాట రిజిస్ట్రారు ఆఫీసు హడావిడిలో ఆయన గొంతులోనే ఉండిపోయింది. ఏడాదిగా అది ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఈసారి తన నోటితో, ఆవిడ భాషలోనే చెప్పాలని పట్టుబట్టాడు.

వ్యాకరణ పుస్తకం తెప్పించాడు. మొదటి పేజీకి గుండె జారింది గాని, పదో పేజీకి మీసం మెలేశాడు.

"ఇదీ మన వరసేనే. మాటకి తోక తగిలించడమే. మనం 'ఇంటికి', 'ఇంటి నుంచి' అనమూ? క్రియ కూడా మనకిలాగే చివరికే వస్తుంది," అన్నాడు భార్యతో.

"మీ దగ్గరికొచ్చిన బట్టలూ అంతేగా, చివరికెప్పుడో వెళ్తాయి," అందావిడ.

తెల్ల చీటీల మీద మాటలు, ఎర్ర చీటీల మీద విభక్తులు రాసి గుండుసూదులతో కలపడం మొదలుపెట్టాడు. మిషను తొక్కుతూ వచ్చాను, వచ్చావు, వచ్చాడు అంటూ తుర్కీలో వల్లించేవాడు. ఒకావిడ జాకెట్టుతో పాటు 'నుంచి' చీటీ కూడా వెళ్ళిపోయి, ఆవిడ వీపున గుచ్చుకుంది. ఆవిడ మళ్ళీ ఈ కొట్టు గడప తొక్కలేదు.

శనివారానికి వాక్యం తయారైంది. 'కిజిమి ఎవిమ్‌దెన్ ఎవినిజె గొండెర్‌దిమ్.' మా అమ్మాయిని మా ఇంటి నుంచి మీ ఇంటికి పంపాను. మరిచిపోతానేమోనని చీటీలను కొత్త కోటు లోపలి అస్తరుకి టాకాలు వేసుకున్నాడు.

ఆదివారం వియ్యపురాలు సోఫాలో కూర్చుంది. ఆయన కోటు తొడుక్కుంటే చేతులు మణికట్టు దాకా కూడా రాలేదు. అదే తానులో గుడ్డతో ఖాతాదారు లాయరుగారికి కుట్టిన కోటది. భార్య తొందరలో ఈయన కోటు ఆయనకిచ్చి పంపేసింది. వాక్యం లాయరుగారి ఒంటి మీద ఊరేగుతోంది.

ఆయన వాక్యం గుర్తుచేసుకోబోయాడు. తోకలన్నీ ఎగిరిపోయి మొండేలే మిగిలాయి.

"కిజ్," అన్నాడు. అమ్మాయి. "ఎవ్," అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని. ఇల్లు. మళ్ళీ "ఎవ్," అన్నాడు ఆవిడ వైపు చూపిస్తూ.

కూతురు అందుకోబోయింది. వియ్యపురాలు చేత్తో వారించి, కాఫీ కప్పు కింద పెట్టి, ఒక్కో మాటకీ ఒక్కో తోక తగిలిస్తూ మెల్లగా అందించింది. ఆయన ఒక్కొక్కటే పలికాడు. క్రియ దగ్గర మాత్రం ఆవిడ ఆగిపోయింది. అది ఆయనే చెప్పాలి.

"గొండెర్‌దిమ్," అన్నాడు టైలరు. పంపాను. ఏడాది నుంచి అడ్డుపడ్డ మాట బయటికొచ్చేసరికి కళ్ళు నిండాయి.

ఆవిడ లేచి కోడలి భుజం పట్టుకుని ఆయన ముందుకు తెచ్చి నిలబెట్టింది. "గెతిర్‌దిమ్," అంది.

"నాన్నా, ఏమందో చెప్పనా?" అంది కూతురు.

"అక్కర్లేదమ్మా. తీసుకొచ్చానంటోంది."

కళ్ళు తుడుచుకుందామని చెయ్యెత్తాడు. లాయరుగారి కోటు చంక కింద పర్రున చిరిగింది.