కొత్త అమావాస్యలోగా ముగించవలసిన పుస్తకం

పాఠక మహాజనులకు ముందుగా నా సాష్టాంగ క్షమాపణ. మా మేనత్త చనిపోయింది. ఉగాది వెళ్ళిన మూడో వారంలో, జమ్మలమడుగులో, మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాలుస్తానని పడుకుని మళ్ళీ లేవలేదు. ప్రొద్దుటూరులోని మా ఇంటికి ఫోను వచ్చినప్పుడు నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఇలాంటప్పుడు రాయవలసిన గంభీరమైన మాటలు నా దగ్గర లేనందుకు, ఆమెకు బిరుదులూ సన్మానాలూ లేనందుకు, ఆమె పేరున కట్టిన ఫ్లెక్సీలో ఆమె కన్నా మా బంధువుల ఫొటోలే పెద్దవిగా ఉన్నందుకు, నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి కూడా నేను నాలుగు పేరాలు తిన్నగా నిలబెట్టలేనందుకు, ఇకముందు జరగబోయే అపచారాలన్నింటికీ తలవంచి క్షమాపణ వేడుకుంటున్నాను. వీటిలో ఏ ఒక్కటీ నా తప్పు కాదని కూడా మనవి.

ఆమె మా నాన్నకు అక్క. వాళ్ళది పులివెందుల దగ్గర పల్లె, గొర్రెల మంద ఉన్న ఇల్లు. పెళ్ళయ్యాక జమ్మలమడుగు వచ్చింది. మామ అక్కడ తాలూకాఫీసులో అటెండరుగా చేసేవాడు. నలభై దాటేదాకా అత్తకు అక్షరం ముక్క రాదు. నేర్చుకోవాలని పట్టు పట్టడానికి కారణం ఒక బస్సు.

నేను రెండో తరగతిలో ఉన్నప్పటి సంగతి. ఒకరోజు మామతో పోట్లాడి, రెండు చీరలు మూట కట్టుకుని, పుట్టింటికి పోదామని బస్టాండుకు వచ్చింది. పులివెందుల బస్సేదని ఎవరినీ అడగలేదు. అడిగితే మొగుడి మీద అలిగి పోతున్నదని కనిపెడతారని అభిమానం. కిటికీ పక్కన సీటు ఖాళీగా కనిపించిన బస్సు ఎక్కి కూర్చుంది. ఎక్కడికని కండక్టరు అడిగితే, "ఆఖరుదాకా" అంది. ఆఖరున ప్రొద్దుటూరు వచ్చింది. దిగి చూస్తే తెలిసిన కొండ ఒక్కటీ లేదు, ఎటు చూసినా బట్టల అంగళ్ళే. చేసేది లేక తమ్ముడి ఇల్లు వెతుక్కుంటూ మా ఇంటికి చేరింది. మూడో రోజున మా నాన్న ఆమెను తీసుకుపోయి మామ దగ్గర దిగబెట్టి వచ్చాడు. తాను పుట్టింటికే చేరి ఉంటే తన తల్లి అలా తిప్పి పంపేది కాదని అత్త నమ్మకం.

మామ ఈ కథను వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. "బోర్డు చదవను రాకపోబట్టే నా కాపురం నిలబడినాది" అని ముగించేవాడు.

"ఇప్పుడు చదవను వచ్చులే. నువ్వు జాగర్తగా ఉండు" అనేది అత్త లోపలి నుంచి.

మా ఇంట్లో ఉన్న ఆ మూడు రోజుల్లోనే నా పలక లాక్కుని, అ ఆలు దిద్దించమంది. తర్వాత నా సెలవులన్నీ జమ్మలమడుగులోనే. ఏడేళ్ళ వాణ్ణి బెత్తం పట్టుకుని నిలబడితే, గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని దిద్దేది. ఇప్పటివరకూ నేను చేసిన ఉద్యోగం అదొక్కటే.

చదవడం వచ్చాక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. వీధిలో నడుస్తూ బోర్డులన్నీ పైకి చదివేది. పెళ్ళిపత్రిక ఇస్తే ముహూర్తం దగ్గర ఆగేది కాదు, అడుగున ప్రెస్సు పేరుదాకా పోయేది. శనగవిత్తనాల పొట్లం విప్పితే ముందు కాగితం, తర్వాత విత్తనాలు. నవలల్లో పడ్డాక ఆమెకు కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. ఏ పుస్తకమైనా సరే, మొదలుపెట్టే ముందు ఆకులన్నీ లెక్కపెట్టేది. మందను దొడ్లోకి తోలేటప్పుడు చేసినట్టు, జతలు జతలుగా, పెదాలు కదిలిస్తూ. ఒక్క ఆకు తగ్గినా ఆ పుస్తకం ముట్టేది కాదు. చదవడం ఆపిన చోట, గొర్రె వీపున రంగు పూసినట్టు, పేజీ అంచున కుంకుమ అద్దేది.

అన్నిటికన్నా గట్టి పద్ధతి ఉగాదిది. పాత ఏడాదిలో పట్టిన పుస్తకం కొత్త ఏడాదిలోకి రాకూడదు. పండగకు ముందురోజు, అంటే కొత్త అమావాస్య నాటికి, దాన్ని ముగించి తీరాలి. ఉగాది పొద్దున పచ్చడి తిని, గడప మీద కూర్చుని, కొత్త పుస్తకం మొదటి పేజీ వీధికి వినిపించాలి. ఈ పద్ధతి నాకూ తప్పేది కాదు. ఒకసారి పరీక్షలున్నాయని చెప్పి, పట్టిన పుస్తకం సగంలో వదిలి తప్పించుకోబోయాను.

"సగం చదివి ఇడిసిపెట్టినావంటే, దాంట్లో మనుషులు యాడివాళ్ళు ఆడే నిలబడి ఉంటారు గదరా. వాళ్ళకు పండగ వద్దా?" అంది.

ఇంజనీరింగులో ఏ సారూ నన్ను ఇంత ఇరకాటంలో పెట్టలేదు.

పోయిన దసరా నాటికి చక్కెర జబ్బు ఆమె చూపును తినేసింది. గుండె బలహీనంగా ఉందని, కంటి ఆపరేషను ఇప్పుడు వద్దని డాక్టర్లు చెప్పారు. అప్పటి నుంచి ఆదివారాలు నేను పోయి చదివి పెట్టేవాణ్ణి. ప్రొద్దుటూరులో పాత పుస్తకాల అంగట్లో లావుపాటి నవల ఒకటి దొరికింది. ముందు అట్ట లేదు, పుస్తకం పేరు లేదు, రాసినవారెవరో తెలియదు.

"లెక్కబెట్టినావా?" అంది.

"బెట్టినా అత్తా. అన్నీ ఉండాయి."

కథలో ఒక ఇల్లాలు. అత్తగారింటి నుంచి పుట్టింటికి పోవాలా వద్దా అని మూడు వందల పేజీలు ఆలోచిస్తుంది.

"ఏందిరా ఈమె ఇంతసేపు ఆలోచిస్తాంది? నేనైతే రెండు చీరలు చేతికి దొరికేంత సేపే ఆలోచించినా" అనేది అత్త. అలా అంటూనే, నేను పేజీ తిప్పడం ఆలస్యమైతే మోకాలి మీద తట్టేది.

కొత్త అమావాస్య నాటి మధ్యాహ్నానికి ఆ ఇల్లాలు మూటతో రైల్వే స్టేషనుకు చేరింది. అత్త మంచం దిగి, నా పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. మామ వసారాలో శనక్కాయలు ఒలుస్తున్నాడు.

"రైలెక్కుతాదా, ఇంటికి తిరుక్కుంటాదా? అది ఈ పొద్దు తేలాల. మళ్ళా ఉగాదికి నేనుంటానో లేదో" అంది. భయపడుతూ అన్నమాట కాదు. బస్సు వేళ చెప్పినట్టు చెప్పింది.

చదివాను. ఆమె రైలెక్కింది. తెల్లవారేసరికి తన ఊళ్ళో దిగింది. తలుపు తడితే తల్లి తీసింది. ఎందుకొచ్చావని అడగలేదు. లోపలికి రమ్మంది. సమాప్తం.

అత్త నా మోకాలి మీద తట్టింది.

"అంతేనా?"

"అంతే."

"ఈ రాసినాయనకు శానా తొందరప్పా. అంత దూరం పోయిన బిడ్డకు వాళ్ళమ్మ నీళ్ళు గూడా ఇయ్యలేదా?"

వసారాలో శనక్కాయల చప్పుడు ఆగింది.

"ఆగత్తా, ఇంకో పేజీ ఉండాది. అతుక్కోని ఉండాది" అన్నాను. చదివాను. తల్లి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కూతురు సగం తాగి, మిగిలిన నీళ్ళతో కాళ్ళు కడుక్కుంది. తల్లి ఆమె చంకలోని మూట తీసుకుని దండెం కింద పెట్టింది.

"ఊ" అంది అత్త. "ఇప్పుడు మూయి."

మామ గొంతు సవరించుకున్నాడు. "ఆ పొద్దు నువ్వు పులివెందలకే పోయింటే, నేనే వచ్చుందును తోడుకపోను."

"వచ్చుందువులే. సెలవు చీటీ మీద దొర సంతకం అయినాక."

అంది గాని, చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో మరొకటో నేను చూడలేదు. మర్నాడు పచ్చడి తిని, గడప దగ్గర నన్ను కూర్చోబెట్టి, కొత్త పుస్తకం మొదటి పేజీ వీధి చివరిదాకా వినిపించేటట్టు చదవమంది. చదివాను. ఎదురింటివాళ్ళు టీవీ పెంచారు. నేనూ గొంతు పెంచాను.

పాఠక మహాజనులారా, పైన ఎన్నింటికో క్షమాపణ చెప్పాను. చేసింది మాత్రం ఒక్కటే. నేను ఆకులు లెక్కపెట్టలేదు. స్టేషను పేజీ తిప్పేసరికి వెనకట్ట చేతికి తగిలింది. ఆ రైలు, ఆ తలుపు, తల్లి, చెంబులో నీళ్ళు, ఏవీ ఆ పుస్తకంలో లేవు. వెనకట్ట లోపలి తెల్లకాగితాన్ని చూస్తూ, వేలు వరస వెంబడి జరుపుతూ, నేనే చెప్పుకుంటూ పోయాను. చూపు లేని మనిషి ముందు వేలెందుకు జరిపానో నాకే తెలియదు. ఆ నవల ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అందులో ఆ ఇల్లాలు ఇంకా ప్లాట్‌ఫారం మీదే, మూట చంకన పెట్టుకుని, రైలు వచ్చే వైపు చూస్తూ నిలబడి ఉంది.