చిక్కు వెంట్రుకల ఉండ

మా చిన్నప్పుడు... కార్ఖానా అనే బస్తీలో మా ఇంటి వెనక గదిలో, కిటికీ చట్రానికీ గోడకీ మధ్య వేలు పట్టేంత సందు ఉండేది. అమ్మా, అక్కా తల దువ్వుకున్నాక దువ్వెనలో వచ్చిన వెంట్రుకలను వేలికి చుట్టి, ఉండ చేసి, ఆ సందులో దోపేవారు.

చిక్కు వెంట్రుకలు బయట పారేయకూడదు. గాలికి ఎగిరి అన్నంలో పడతాయని ఒక కారణం. స్టీలు సామాన్లవాడు వస్తాడని ఇంకో కారణం. వాడు సైకిల్ మీద వచ్చి, వెంట్రుకలు తీసుకుని గిన్నెలు ఇచ్చేవాడు. నా పాలగ్లాసు అలా వచ్చిందే.

ఒక ఏడు అక్కకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గింది. బడికి కూడా వెళ్తోంది. అంతా అయిపోయిందనుకున్నాక జుట్టు రాలడం మొదలైంది... దిండు మీద, యూనిఫాం మీద, అన్నం కంచం పక్కన. నడుము దాకా ఉండే జడ ఎలుక తోకలా అయింది.

అమ్మ బోరు నీళ్ళను తిట్టింది. నూనె మార్చింది. మందారాకు రుబ్బి పెట్టింది. మెంతులు నానబెట్టి పట్టించింది. దిష్టి కూడా తీసింది. కిటికీ సందు మాత్రం నిండిపోయింది.

సామాన్లవాడు ఆ ఉండను చేతిలోకి తీసుకుని సంబరపడ్డాడు. "ఈసారి పెద్ద గిన్నె వస్తదమ్మా నీకు!"

"నా బిడ్డ నెత్తి ఊడిపోతుంటే నీకు పండుగనా? నడువ్ ఈడికెళ్లి!"

ఉండ లాక్కుని లోపలికి వచ్చి, అమ్మ వంటింట్లో కూర్చుంది. ఏడ్చిందనుకుంటాను.

మర్నాడు తిరుమలగిరిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె అక్క కంటి కింది రెప్ప లాగి చూసింది.

"ఏం తింటుంది?"

"పత్యమే, డాక్టరమ్మా. చారన్నం, బ్రెడ్డు."

"జ్వరం పోయి నెలలైతుంది గద? ఇంకా పత్యమేంది? నెత్తికి పెట్టుడు ఆపి, జెర కడుపుకు పెట్టమ్మా."

పెద్ద జ్వరం వస్తే జుట్టు పెరగడం ఆగిపోతుందట. అలా ఆగిన వెంట్రుకలు రెండు మూడు నెలల తర్వాత రాలతాయట. మళ్ళీ వస్తాయి... కానీ ఒంట్లో రక్తం లేక, పప్పూ గుడ్డూ లోపలికి పోకపోతే ఏం పెట్టుకుని వస్తాయి అంది.

పథ్యం ఎత్తేయమని ఎవరూ చెప్పలేదు. అందుకని అమ్మ ఎత్తేయలేదు. అంతే జరిగింది.

ఆ రోజు నుంచి మునగాకు పప్పు, దాని మీద నిమ్మరసం. ఉడికించిన గుడ్డు. సాయంత్రం నువ్వుల ఉండ. అన్నం తినగానే తాగే చాయ్ బంద్.

"మేకలు తినే ఆకమ్మా ఇది!" అని అక్క గోల.

"మేకకు ఒళ్ళంత వెంట్రుకలే. చూసినవా? తిను."

కొన్నాళ్ళకు ఒక పొద్దున జడ వేస్తూ అమ్మ చెయ్యి ఆగింది. అక్క నుదుటి పైన పొట్టి పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అమ్మ ఒక్క కేక వేసింది. గడ్డం గీసుకుంటున్న నాన్న సబ్బు నురగతోనే వచ్చాడు. పక్కింటి అత్తమ్మ వచ్చింది. నేను వచ్చాను. అందరం అక్క నుదురు చూశాం. అక్క సిగ్గుతో మొహం మోకాళ్ళలో దాచుకుంది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. అక్కడికి దగ్గర్లోనే ఫ్లాట్‌లో ఉంటున్నాం. నా భార్య పద్మ ఈ ఆషాఢంలో పోయింది. గుండె. ఆస్పత్రికి చేరేలోపే. ఇంట్లో నేనూ, మా అమ్మాయి ఇందూ.

దసరా దాటాక ఇందు జుట్టు రాలడం మొదలైంది. షాంపూలు మార్చింది. ఉల్లిపాయ నూనె తెప్పించింది. ట్యాంకర్ నీళ్ళ వల్లే అంది. అయ్యుండొచ్చు అన్నాను.

అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, పిల్ల ఏం తింటుందిరా?"

చెప్పాను. పొద్దున టీ, బిస్కెట్లు. మధ్యాహ్నం కర్రీ పాయింట్ కూర, సగం పారేస్తాం. రాత్రి మళ్ళీ టీ.

అంతా విని అక్క, "ఇంకా పత్యమేందిరా?" అంది.

రక్త పరీక్ష చేయించాం. థైరాయిడ్ బాగానే ఉంది. ఐరన్ తక్కువ. డాక్టర్ మాత్రలు రాశాడు. పెద్ద దుఃఖం వచ్చినా జుట్టు ఇలాగే ఆలస్యంగా రాలుతుందన్నాడు. ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగాడు. ఇందు నేల చూపులు చూసింది. నేనే చెప్పాను.

మునగాకు తెచ్చాను. ఆకు దూయడానికే గంట పట్టింది. మొదటి రోజు పప్పు అడుగంటింది. అయినా ఇందు తిన్నది. నేనూ తిన్నాను.

బాత్రూం అద్దం వెనక పద్మ కవరు ఒకటి ఉంది. తన చిక్కు వెంట్రుకలు. కొన్ని తెల్లవి. సామాన్లవాడు ఇప్పుడు స్కూటర్ మీద వస్తున్నాడు. రికార్డు చేసిన గొంతు వీధంతా తిరుగుతుంది... "చిక్కు వెంట్రుకలు తీసుకుంటాం..."

"డాడీ, మమ్మీవి ఇచ్చేద్దామా?"

"ఉండనీ."

ఇందు దువ్వెనలోవి తీసి, వేలికి చుట్టి, అదే కవర్లో పెట్టింది. అలా చుట్టడం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. ఈమధ్య ఆ ఉండలు చిన్నవవుతున్నాయి.

నిన్న పొద్దున తను అద్దం ముందు ఉంది. నుదుటి పైన పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కేక వేద్దామని నోరు తెరిచాను... అప్పుడు ఒక్క కేకకు ఇల్లంతా వచ్చేది. ఇప్పుడు ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

అందుకని ఇక్కడ, మీ అందరికీ చెబుతున్నాను.

మీ ఇళ్ళలో ఇలాంటప్పుడు పిల్లలకు ఏం వండి పెట్టేవారో రాయండి. నాకు మునగాకు పప్పు ఒక్కటే వచ్చు.