నీలం మూత డబ్బా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలనీ అంతా అంటుంది. అబద్ధమేమీ కాదు. కానీ కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడూ, ఎయిర్ రైఫిల్ భుజానికి ఆనించినప్పుడూ ఆ కోపం ఎక్కడికి పోతుందో పోతుంది. చెయ్యి కదలదు. నలభై ఒకటో ఏట కూడా కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను. అది చూసే టౌన్‌షిప్ రైఫిల్ క్లబ్బు కోచ్ నన్ను పట్టుకున్నాడు.

అంతకుముందు ఆ రైఫిల్‌తో కొట్టేది మా ఆయన. కిరండూల్ లైనులో కీమ్యాన్ పని ఆయనది. రోజూ పట్టాల వెంట నడిచి, వదులైన బిగింపులు బిగించి వస్తాడు. చత్వారం వచ్చి ముందు సైటు మసకబారాక, తుపాకీ నా చేతిలో పెట్టి తను మందుగుండు శాఖ మంత్రి అయిపోయాడు. ఆ శాఖ ఆయనకి ఎవరూ ఇవ్వలేదు, తనే పుచ్చుకున్నాడు.

అన్నలూ పోలీసులూ తిరిగే ఈ అడవి జిల్లాలో తుపాకీ అంటే ముఖాలు మారతాయి. అందుకే ముందే చెప్తున్నాను, మాది గాలితో కొట్టే రైఫిల్. పది మీటర్ల దూరంలో ఉన్న అట్టకి చిల్లు పెట్టడం తప్ప దానికి వేరే పని లేదు. క్లబ్బు బీరువా, క్లబ్బు హాలు, అంతే దాని ప్రపంచం.

రాయ్‌పూర్‌లో జరిగే రాష్ట్ర పోటీలకి మా క్లబ్బు ఆడవాళ్లలో ఒక్కరికే చోటు. అట్ట మీద ఒకదానిలో ఒకటిగా గుండ్రటి గీతలు, నట్టనడిమి దానికి పది మార్కులు. నలభై గుళ్లు, నాలుగు వందల మార్కులు. క్లబ్బు పెట్టే ఎంపిక పోటీలో మూడు వందల అరవై దాటాలి. మొదటి ఏడు నాకు మూడు వందల యాభై రెండు వచ్చాయి, రెండో ఏడు యాభై ఏడు. మూడోసారీ తప్పితే ఆ చోటు కాలేజీ పిల్లలకి ఇచ్చేస్తానని కోచ్ మొహమాటం లేకుండా చెప్పాడు. నాకు వెళ్లాలని ఎంత ఉందో ఎవరికీ చెప్పలేదు. పుట్టిన దగ్గర్నుంచి నేను ఏ ఊరు వెళ్లినా మా నాన్న రైల్వే పాసు మీద, పెళ్లయ్యాక ఈయన పాసు మీద. టీసీ వస్తే ఈయన పాసు చూపించి, నా వైపు తల ఊపి, "నాతోనే" అంటాడు. ఒక్కసారి నా పని మీద, నా పేరు మీద రైలెక్కాలని నా కోరిక.

మూడో ఏడాది మంత్రిగారు గుళ్లకి పరీక్షలు పెట్టారు. మంచి గుండు అంటూ విడిగా ఏదీ ఉండదు, ఈ తుపాకీకి పడే గుండు ఉంటుంది, అంతే. తల చదునుగా ఉండి, నడుం సన్నగా, వెనకాల చిన్న పావడా కట్టినట్టుండే సీసపు గుళ్లు అవి. పిస్టల్ వాళ్లు కాస్త తేలికవి కొంటారు, రైఫిల్‌కి కాస్త బరువువి. బరువు ఒకటే అయినా ఒక్కో కంపెనీది ఒక్కోలా పోతుంది. ఒకే కంపెనీవైనా ఒక్కో డబ్బాది ఒక్కో బుద్ధి. ఈయన నాలుగు రకాలు తెప్పించాడు. వాటిలో విదేశీ సరుకు బంగారు మూత డబ్బాలో వచ్చింది. అన్నిటికంటే చవకది నీలం మూతది.

ముందు మెట్టు, వంకర గుళ్లు ఏరడం. ఏటవాలుగా పెట్టిన అద్దం మీద గుళ్లు దొర్లిస్తాడు. పావడా నొక్కుకుపోయినది పక్కకి పోతుంది, మంచివన్నీ ఒకే దారిన పోయి ఒకే చోట ఆగుతాయి.

"మేం చాటలో కందులు ఏరేది ఇలాగే కదేటి. నువ్వేదో కొత్తగా కనిపెట్టినట్టు సెప్తన్నావ్," అన్నాను.

"కందులు పదో గీతలో తగలవే పిల్లా," అన్నాడు, తలెత్తకుండానే.

తర్వాత ఆదివారాల మధ్యాహ్నాలు క్లబ్బు హాల్లో గడిచాయి. బల్ల మీద రెండు ఇసుక సంచులు పెట్టి, వాటి మధ్య రైఫిల్‌ని పడుకోబెట్టేవాళ్లం. ఆ సంచులు నా పాత చీరతో నేను కుట్టినవే. గుండు పెట్టేది ఆయన, నొక్కేది నేను. ఐదు గుళ్లకి ఒక అట్ట. అయిదూ ఎంత దగ్గరగా పడ్డాయో స్కేలుతో కొలిచి, ఒక చీటీ మీద రాసి, ఆ చీటీని ఆ డబ్బా మూతలోనే పెట్టేవాడు. ఆ ఆదివారాలంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. రేకుల కింద ఉడికిపోతూ, సీసం అంటిన చేతులు సబ్బుతో రెండేసి సార్లు కడుక్కుని, ఉల్లిపాయ పకోడీ తింటూ పోట్లాడుకునేవాళ్లం.

పెద్ద పోట్లాట బంగారు మూత దగ్గర వచ్చింది. మొదటి అయిదు గుళ్లూ ఒకే చిల్లులో పడ్డాయి, రూపాయి బిళ్ల పెడితే కనపడవు. ఈయన లేచి నిలబడిపోయాడు. తర్వాతి అయిదూ చెట్టుకొకటి పుట్టకొకటిగా పోయాయి.

"నువ్వు ఊపిరి పీల్చీసినావు," అన్నాడు.

"ఇసక సంచుల్లో ఉన్న తుపాకీకి నా ఊపిరితో పనేటి మావా? ఒక్కరోజు కూర కుదిరితే వంటలక్క అయిపోద్దేటి?"

వినలేదు. ఆ ఒక్క చిల్లు ఆయన కళ్లలో పడిపోయింది. గుళ్లకి కాస్త నూనె రాస్తే తుపాకీ గొట్టంలో సాఫీగా పోతాయని ఎక్కడో చూశాడు. శనివారం సంతలో ఇప్ప నూనె కొన్నాడు. అమ్మినామె సరిహద్దులోని మరైగూడ నుంచి ఇటు కోడలుగా వచ్చినావిడ. సీసాని శాలువా లోపల్నుంచి తీసి ఇచ్చింది.

"ఏం జేస్తరన్నా గింత మంచి నూనె? చలికాలం గిది నెయ్యి లెక్క గడ్డకడతది. వాడేముందు ఎండకు పెట్టుండ్రి," అంది.

కూరకి కదా చెప్తోంది అనుకుని ఇద్దరం తలూపాం. మర్నాడు మధ్యాహ్నం నూనె రాసిన బంగారు మూత గుళ్లు నిజంగానే బుద్ధిగా పడ్డాయి. మళ్లీ రూపాయి బిళ్ల. ఈయన మొహం చూస్తే నాకు కాదనబుద్ధి కాలేదు. చిన్నపిల్లాడిలా అయిపోయాడు. పోటీకి అవే అని తేల్చాం. ఖరీదైనవని దాచి, సాధనకి పాత డబ్బాల్లో మిగిలినవి వాడాను.

ఎంపిక పోటీ జనవరిలో, పొద్దున్న ఎనిమిదింటికి పడింది. చలికాలంలో పట్టాలు కుదించుకుని ఎక్కడైనా పగుళ్లిస్తాయేమోనని ఈయనకి ఆ రోజు తెల్లవారకముందే లైను మీద డ్యూటీ. నా సంచి సర్ది పెట్టి, "బంగారు మూత, మర్చిపోకు," అని వెళ్లాడు.

హాల్లో నోట్లోంచి ఆవిరి వస్తోంది. అసలు పోటీకి ముందు, గురి సరిచూసుకోవడానికి పావుగంట ఇస్తారు. మొదటి గుండు ఆరో గీతలో పడింది. రెండోది తొమ్మిదిలో. మూడోది నాలుగులో. నా చెయ్యి కదల్లేదు, అది నాకు తెలుసు. డబ్బాలో వేలు పెట్టాను. వేలికి తెల్లగా, మైనంలా అంటుకుంది. సంతలో ఆమె మాట అప్పుడు వినపడింది.

ఆ క్షణాన మా ఆయన ఎదురుగా ఉంటే ఏమయ్యేదో నేను రాయను. చలికి పట్టా ఎంత కుదించుకుంటుందో చెప్పే మనిషి, చలికి నూనె పేరుకుంటుందని మర్చిపోయాడు. నేను మాత్రం తక్కువా, నేనూ విన్నాను కదా.

"పాంచ్ మినట్ బచా హై, దీదీ," అన్నాడు కోచ్, గడియారం చూస్తూ. ఐదే నిమిషాలు.

సంచి బోర్లించాను. ఏదీ పారేసే అలవాటు లేని మనిషి కాబట్టి నాలుగు డబ్బాలూ అందులోనే పెట్టాడు. గొట్టం తుడిచే ఫెల్ట్ బిళ్లలు ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి దూర్చి, బిళ్ల జిడ్డు లేకుండా బయటికి వచ్చేదాకా గొట్టం తుడిచాను. ఇక ఏ డబ్బా? ఒక్కోటీ కొట్టి చూసే సమయం లేదు. మూతలు తీసి చీటీలు చదివాను. నీలం మూతలో ఆయన అక్షరాలు ఇలా ఉన్నాయి: "పదిసార్లు కొట్టించినాను. పదిసార్లూ ఒక్కసోటే. రెండు గీతలు ఎడంకి. సైటు కుడికి ఎనిమిది టిక్కులు తిప్పితే గాని దారికి రాదు. వొద్దు."

పదిసార్లూ ఒక్కచోటే పడేదాన్ని వద్దంటాడా ఈ మనిషి! ఏడవాలో నవ్వాలో తెలీలేదు. సైటు కుడికి తిప్పాను. ఒకటి, రెండు, ఎనిమిది. గుండు పెట్టి నొక్కాను. నట్టనడుమ తగిలింది. ఇంకొకటి నొక్కేలోగా సమయం అయిపోయిందన్నారు.

ఆ నలభై గుళ్లూ నేను ఎంత సుఖంగా కొట్టానో! మిషను మీద పొడుగాటి అంచు కుట్టుకుంటూ పోయినట్టు పోయాయి. మూడు వందల అరవై మూడు.

లైను మీద ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఆయనకి కబురు స్టేషనులో తెలిసింది. ఇంటికొచ్చేసరికి కాలనీ అంతా చెప్పేసుకున్నాడు, ఇప్ప నూనె మహిమ అని. చేతిలో జిలేబీ పొట్లం. వచ్చీరాగానే అటక మీంచి కొత్త బంగారు మూత డబ్బా, నూనె సీసా తీశాడు, రాయ్‌పూర్‌కి ఇప్పట్నుంచే నూనె పట్టించాలని. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ సీసా మూత తిప్పుతున్నాడు.

"ఆగు మావా. నేను కొట్టింది వాటితో కాదు," అని జరిగిందంతా చెప్పాను.

ఆయన సీసాని తలకిందులు చేశాడు. చుక్క పడలేదు. అరచేత్తో అడుగున కొట్టాడు. అప్పుడూ పడలేదు. మొదట ఆయనే నవ్వాడు, తర్వాత నేను, ఇద్దరం జిలేబీ పొట్లం మీద పడి నవ్వాం. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "అయితే నానేటి సేసినట్టే మరి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ సీసా తీసి అవతల పెట్టేశాడు.

నీలం మూతలోంచి చీటీ తీసి ఆయన చేతిలో పెట్టాను. చెయ్యి బారుగా చాపి చదువుకున్నాడు.

"ఎనిమిదీ తిప్పినావా?"

"నువ్వు రాసినన్నే తిప్పినాను. ఒక్క గుండు సూసుకున్నాను, నడిమధ్య కొట్టినాది. ఆ సీటీ లేపోతే ఇంట్లోనే ఉండేదాన్ని."

ఆ చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇప్ప నూనెతో ఆ వారమంతా వంకాయ కూర చేశాను.

రాయ్‌పూర్ ప్రయాణానికి జగదల్‌పూర్ దాకా రైలు, అక్కణ్నించి బస్సు. క్లబ్బు నా పేరు మీద టిక్కెట్టు తీసింది. ఈయన సెలవు పెట్టి, తన పాసు మీద పక్క సీట్లో కూర్చున్నాడు, ఒళ్లో నీలం మూత డబ్బా పెట్టుకుని. విశాఖ వైపు మనిషే, టీసీ వచ్చి ఆయన పాసు చూసి, నా వైపు తిరిగి, "ఆవిడ మీతోనేనాండి?" అని అడిగాడు.

"కాదండి," అన్నాడు మా ఆయన. "నానే ఆవిడతో ఎల్తన్నాను."