తవిటమ్మ అడ్డపొగ

సాలూరు వైపు ఆ ఊళ్ళో ఆడవాళ్ళు చుట్టను తిరగేసి కాల్చేవారు. వెలిగిన కొస నోట్లోకి, చల్లని కొస పెదాల బయటికి. దాన్ని అడ్డపొగ అనేవారు. వంగి నాట్లు వేస్తుంటే చేతులు రెండూ బురదలోనే, వీపు మీద వాన. నోట్లో దాచుకున్న నిప్పు మాత్రం ఓ పట్టాన ఆరదు.

తవిటమ్మకి అది నేర్పింది తోటికోడలు జగ్గమ్మ. కాపరానికొచ్చిన కొత్తలో నడుం పట్టేసి గట్టు మీద కూచుని ఏడుస్తుంటే, తన నోట్లో చుట్ట తీసి ఇచ్చింది.

"ఏడవకే గుంటా. నాలిక అడ్డెట్టి పీల్సు. ముందు కాల్తాది. పోనుపోను అలవాటైపోతాది."

కాలింది. అలవాటైపోయింది. ఆనాటి నుంచీ ఇద్దరూ పక్కపక్కనే నాటేవారు. ఒకరి చుట్ట ఆరితే రెండోవాళ్ళ చుట్టతో అంటించుకునేవారు. వయసులో ఉన్న రోజులంటే తవిటమ్మకి ఆ తడి మట్టి వాసనా, పొగాకు వాసనా, పక్కన జగ్గమ్మ నవ్వూను.

పంతొమ్మిది వందల అరవై ఏడులో జగ్గమ్మ అంగిట్లో పుండు లేచింది. రాచపుండన్నారు. తవిటమ్మ రాగిపిండితో చోడి అంబలి నీళ్ళలా కాచి పోసినా గొంతు దిగలేదు, పెదాల పక్కనుంచి కారిపోయింది. కోతలు చూడకుండానే జగ్గమ్మ పోయింది.

మరుసటేడు ఎండాకాలంలో నోళ్ళు చూసే డాక్టర్లు జీపులో వచ్చారు. తవిటమ్మ చుట్ట ఆర్పి బొడ్లో దోపుకుని నోరు తెరిచింది. కుర్ర డాక్టరు టార్చి వేసి చూశాడు.

"అంగిలి తెల్లబారింది అమ్మా. ఇంకా పుండు కాలేదు. ఇప్పుడు మానేస్తే తగ్గొచ్చు. మానకపోతే నేనేం చెప్పలేను."

"నిప్పు బయటెట్టి కాలిస్తే సాలదేటి బాబూ?"

"చాలదు. పొగాకు జోలికే వెళ్ళకూడదు."

మొగుడు అసిరయ్య గుమ్మంలోంచి గొణిగాడు. "నువ్వూ పోతే నాకు అంబలెవులు కాస్తారే?"

"నీ అంబలి తగలెయ్య! నా నోరు పోతాదంటే నీకు నీ కడుపు గోలేటి మావా?"

ఆ రోజే పూర్తిగా మానేసిందని రాస్తే అబద్ధం. వరి ఊడ్పులు మొదలయ్యేదాకా ఓర్చుకుంది. జల్లు పడగానే, పక్కన జగ్గమ్మ లేని వరస చూడగానే, అదే వరసలో నాటుతున్న దేముడమ్మ దగ్గర చుట్ట అడిగి పుచ్చుకుంది. ప్రాణం లేచొచ్చినట్టయింది. మధ్యాహ్నం అంబలి నోట పోసుకుంటే అంగిలి భగ్గుమంది. జగ్గమ్మ పెదాల పక్కనుంచి కారిన అంబలి కళ్ళ ముందు కదిలింది. మిగిలిన చుట్ట తీసి బురదలో తొక్కేసింది.

నోరు ఊరుకోదు, దానికేదో పని పెట్టాలి. చింతపిక్కలు వేయించి, తొక్క తీసి, నీళ్ళలో నానేసి కొంగున ముడేసుకుంది. పొగ మీదికి మనసు పోయినప్పుడల్లా ఒకటి బుగ్గన పెట్టేది.

"ఏటే తవిటీ, పిక్కలోంచి పొగొస్తన్నాదేటి?" అని వరసంతా నవ్వింది.

"పొగ రాదే. కూడు దిగుతాది."

కోతలయ్యాక జీపు మళ్ళీ వచ్చింది. తెలుపు పలచబడిందన్నాడు డాక్టరు, చూపించుకోవడం మానొద్దన్నాడు. తవిటమ్మ ఇంటికొచ్చి అంబలి వేడివేడిగా తాగింది. మంట లేదు. అప్పుడేడిచింది, జగ్గమ్మ కోసం.

మళ్ళీ ఊడ్పుల్లో, వానకి దేముడమ్మ చుట్ట నాని ఆరిపోయింది. పాత అలవాటుగా ఇటు తిరిగింది. "నిప్పుందేటే?"

తవిటమ్మ కొంగు ముడి విప్పి చింతపిక్క చేతిలో పెట్టింది.

"ఇదుంది. ముందు సప్పగుంటాది. పోనుపోను అలవాటైపోతాది."