మోకాళ్ల నొప్పితో మరిపెడ తండా దాకా

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎనభైల మొదట్లో, మోకాళ్లు బత్తాయిల్లా ఉబ్బేవి. జనగామలో మాది పల్లికాయ దుకాణం. రైతు బండి దిగగానే నాయిన ప్రతి బస్తాలోంచి నాలుగు కాయలు ఒలిచి నా నోట్లో వేసేవాడు. "చేదున్నదా బిడ్డా?" అని అడిగి, నేను చెప్పాకే ధర మాట్లాడేవాడు. తరాజు పక్కన పీట మీద కూర్చుంటే నాకంటే గొప్పోళ్లు జనగామలో లేరనుకునేదాన్ని. నొప్పులు మొదలయ్యాక బలం రావాలని అమ్మ పల్లీలు, బెల్లం దంచి ఉండలు కూడా పెట్టేది. దవాఖాన గోలీలు వేసుకున్నన్ని రోజులే పనిచేశాయి. బడి మానేశాను. ఇక నడవనేమోనని ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. మరిపెడ దగ్గర తండాలో ఒక అవ్వ కీళ్లకు మందిస్తుందని ఎవరో చెబితే, నాయిన దుకాణం మూసి నన్ను తీసుకుని బయల్దేరాడు.

పొద్దున ఆరింటికి జనగామలో రైలెక్కి, కాజీపేటలో మారి, పదకొండు కొట్టేసరికి మహబూబాబాద్‌లో దిగాం. అప్పుడు అందరికీ అది మానుకోటే. స్టేషన్ బయట ఇడ్లీ తింటూ పల్లి చట్నీ రెండుసార్లు వేయించుకున్నాను. మరిపెడ బస్సు గంటన్నర ప్రయాణం, టికెట్టు రెండు రూపాయలో ఏమో, నాకు సగం. దారంతా మిరప తోటలే. అక్కడి నుంచి రెండు మైళ్ల కంకర బాట నాయిన నన్ను భుజాల మీద మోశాడు. ఒక్కసారి కూడా దించలేదు.

అవ్వ వావిలాకు వేడిచేసి మోకాళ్లకు కట్టింది. "నొప్పి ఎప్పుడెక్కువైతది?" అని నాయిన్ని అడిగింది.

"కొత్త కాయ దిగే దినాలల్ల, అవ్వా."

"పిల్ల ఏం తింటది?"

నాయిన ముఖం వెలిగింది. "మా దుకాణంల ఏ బస్త కాయైనా రుచి చెప్పేది ఈమెనే."

అవ్వ నా మోకాలి మీద నుంచి చెయ్యి తియ్యకుండానే అన్నది: "గదే ఆపు. నలభై దినాలు పల్లికాయ వద్దు, పల్లినూనె వద్దు. ఆకు ఎవరైనా కడ్తరు. నోరు కట్టిచ్చేది నువ్వే."

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు నాయిన ఏడ్చాడు. "నా చేతులతోని నేనే తినిపిచ్చిన బిడ్డా," అన్నాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. నాకు మాత్రం నా పీట పోతుందనే దిగులు. "జరంత తింటే ఏమైతది నాయినా?" అని అడిగాను కూడా.

మర్నాడే ఇంట్లోకి కుసుమ నూనె వచ్చింది. మూడో వారానికి వాపు దిగింది, నలభై రోజులకు నడిచి బడికిపోయాను. కాయలు నాయినే నమిలి చూసుకునేవాడు, నేను దగ్గరికొస్తే గుప్పిట మూసేవాడు. అప్పుడు ఎంత కోపమొచ్చేదో! ఇప్పుడు తలుచుకుంటే ఆ మూసిన గుప్పిటను ముద్దుపెట్టుకోవాలనిపిస్తుంది.

నన్ను నడిపించింది ఆకో పథ్యమో ఇప్పటికీ తెలియదు. అందరి కీళ్లనొప్పీ తిండితో రాదు, కాబట్టి పిల్లల్ని ముందు డాక్టరుకు చూపించండి. ఎక్కడికి తీసుకెళ్లినా, వారం రోజులుగా పిల్ల తిన్నదంతా రాసుకుని పోండి. మీరు ప్రేమతో పెట్టేవి ముందు రాయండి. మనకు అనుమానం రానివి అవే.